రైన్, మోజెల్, అల్సాస్ ద్రాక్షతోటలు రైల్లో: ఈ ప్లాను నిలబడుతుందా?

ఒంగోలు గిత్త:

అందరికీ నమస్కారం. 2027 ఏప్రిల్ చివర్లో నలుగురం (మేమిద్దరం, మా అన్నయ్య, వదిన) జర్మనీ, ఫ్రాన్స్ ద్రాక్షతోటల మీదుగా రైల్లో తిరగాలనుకుంటున్నాం. అందరం యాభై దాటినవాళ్ళమే. కారు వద్దనుకున్నాం. దారి పొడుగునా వైన్ రుచి చూస్తూ స్టీరింగ్ పట్టుకోవడం కుదిరే పని కాదు కదా.

ఏప్రిల్ 26 సోమవారం చెన్నైలో విమానం ఎక్కి, మే 8 శనివారానికి తిరిగి రావాలని లెక్క. రాసుకున్న ఊళ్ళు: ఫ్రాంక్‌ఫర్ట్, రూడెస్‌హైమ్, కోఖెమ్, ట్రియర్, స్ట్రాస్‌బూర్గ్, కోల్మార్, బోన్, ఎపెర్నే, పారిస్. పన్నెండు రాత్రులు, తొమ్మిది ఊళ్ళు.

అడగదల్చుకున్నవి ఇవీ. యూరప్ దేశాల రైళ్ళకు కలిపి ఇచ్చే యూరెయిల్ పాసు కొనాలా, విడి టికెట్లు కొనాలా? వీసా ఏ దేశానికి పెట్టాలి? వదిన శాకాహారి, మందు ముట్టదు, ఆమెకు ఈ ప్రయాణంలో ఏముంటుంది? రెండు మూడు సీసాలు ఒంగోలు దాకా తెచ్చుకోవచ్చా? కిటికీ ఏ వైపు కూర్చోవాలో కూడా చెబితే పుణ్యం ఉంటుంది.

బిట్రగుంట షెడ్:

గిత్త గారూ, పన్నెండు రాత్రుల్లో తొమ్మిది ఊళ్ళంటే మీరు చూసేది తోటలు కాదు, ప్లాట్‌ఫారాలు. బోన్, ఎపెర్నే, పారిస్ తీసేయండి. ఆ ఊళ్ళున్న షాంపేన్, బుర్గుండీ వైన్ సీమలు ఇంకో ప్రయాణానికి సరిపోయే సరుకు. ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి.

కానీ అసలు చిక్కు ఊళ్ళలో లేదు, తేదీల్లో ఉంది. జర్మనీలో డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటి ఉంది. దేశమంతా ప్యాసింజర్ తరహా రైళ్ళన్నీ, సిటీ బస్సులు, ట్రాములు ఒకే టికెట్ మీద. 2026లో నెలకు మనిషికి 63 యూరోలు, మీరు పోయేనాటికి ధర మళ్ళీ చూసుకోండి. ఇది క్యాలెండర్ నెలకే చెల్లుతుంది. అంటే ఏప్రిల్ 27న దిగి వాడడం మొదలుపెడితే 30 రాత్రికే అయిపోతుంది, మే 1 నుంచి మళ్ళీ పూర్తి డబ్బు. నాలుగు రోజుల కోసం నలుగురికీ రెండేసి నెలలు కట్టుకుంటారా?

పైగా 2027లో మే 1 శనివారం, రెండు దేశాల్లోనూ సెలవు. ఫ్రాన్స్‌లో ఆ రోజు చాలా ఊళ్ళలో సిటీ బస్సు, ట్రాము కూడా కదలవు. మే 6 గురువారం క్రీస్తు ఆరోహణ పండుగ (అసెన్షన్), అదీ రెండు చోట్లా సెలవే. శుక్రవారం కూడా కలిపి సెలవు పెట్టి జనం రోడ్డెక్కుతారు, గదులు దొరకవు. మే 8 ఫ్రాన్స్‌లో సెలవు. మీరు ఎంచుకున్న పన్నెండు రోజుల్లో ఇవన్నీ వరసగా కూర్చున్నాయి.

అయిదు రోజులు ముందుకు జరపండి. ఏప్రిల్ 21 బుధవారం పినాకినిలో మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్, అక్కడ బ్లూ లైన్ మెట్రో తిన్నగా ఎయిర్‌పోర్టులోకి. ఫ్రాంక్‌ఫర్ట్ నేరు విమానం అర్ధరాత్రి దాటాక ఉంటుంది గనుక తొందరేం లేదు. 22న దిగుతారు. ఆపైన ఇట్లా చేయండి: కోబ్లెన్స్‌లో 3 రాత్రులు, ట్రియర్‌లో 2, నోయ్‌స్టాట్‌లో 3, ఏప్రిల్ 30 శుక్రవారం సరిహద్దు దాటి కోల్మార్‌లో 4, మే 4న మైన్‌ట్స్‌లో ఒకటి, 5న విమానం. జర్మనీ తిరుగుడంతా ఏప్రిల్‌లో ముగుస్తుంది, ఒక్క నెల టికెట్ చాలు. మే 1న కోల్మార్‌లో కాలినడకన తిరగండి, రైలూ బస్సూ అవసరం పడని రోజుగా పెట్టుకోండి.

ఆ టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త. అది నెలవారీ చందా. తనంతట తాను పైనెలకు పొడిగించుకుంటుంది. ఏప్రిల్ 10లోపు రద్దు చేస్తేనే ఏప్రిల్ 30తో ఆగుతుంది, 11న గుర్తొస్తే మే డబ్బు కూడా పోతుంది. మార్చి ఆఖర్లో కొని వెంటనే రద్దు నొక్కండి, ఏప్రిల్ అంతా పనిచేస్తుంది. అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, కొందరు యూరప్ బ్యాంకు ఖాతానే అడుగుతారు. క్రెడిట్ కార్డు తీసుకునేవాళ్ళ దగ్గర కొనండి. నలుగురికీ ఎవరి పేరు మీద వారికి వేరే టికెట్. తనిఖీలో పాస్‌పోర్టు చూపాలి. ఫోను చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, పవర్ బ్యాంకు మరవొద్దు.

ఈ టికెట్ మీద ఐసీఈ, ఐసీ అనే దూరపు వేగం బండ్లు ఎక్కకూడదు. రైన్ ఎడమ గట్టు లైను మీద రెండు రకాలూ ఒకే ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి, ముందొచ్చింది కదా అని ఎక్కితే 60 యూరోల జరిమానా. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అనే అక్షరాలతో మొదలయ్యేవి మనవి. మీకు కావలసిన రైళ్ళు కూడా అవే. ఐసీ గంట లోపు లాక్కుపోయే మైన్‌ట్స్–కోబ్లెన్స్ దారిని ఆర్‌బీ 26 ప్రతి ఊళ్ళో ఆగుతూ గంటన్నర పోతుంది. బాఖరాఖ్, ఓబర్‌వేజెల్, సాంక్ట్ గోఆర్, బోప్పార్ట్: ఏ ఊరు కంటికి నచ్చితే ఆ ఊళ్ళో దిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. యూరెయిల్ పాసు మీకు దండగ. అది రోజూ వందల కిలోమీటర్లు పోయేవాళ్ళకు, మీరు చాలా రోజులు పోయేది దగ్గరి ఊళ్ళకే.

కిటికీ సంగతి. మైన్‌ట్స్ నుంచి కోబ్లెన్స్ పోయేటప్పుడు కుడి పక్క నది. కోబ్లెన్స్ నుంచి ట్రియర్ వైపు పోయేటప్పుడు ఎడమ పక్క మోజెల్ నది. కోఖెమ్ దాటగానే 4.2 కిలోమీటర్ల సొరంగం వస్తుంది, 1879 నాటిది. నది పెద్ద మెలిక తిరిగితే రైలు కొండలో దూరి అడ్డంగా కోసేస్తుంది. బయటికొచ్చాక బుల్లాయ్ దగ్గర రెండంతస్తుల వంతెన, పైన రైలు, కింద రోడ్డు. వెంటనే ప్యుండెరిఖ్ దగ్గర కొండ వాలును అంటిపెట్టుకుని 92 కమానుల వంతెన. ఆపైన రైలు నదిని వదిలేసి లోపలికి పోతుంది, ఫోనులో ఫొటోలు చూసుకోవాలంటే అప్పుడు చూసుకోండి.

పొరపాటు పడే చోట్లు ఇంకొన్ని. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో రెండు స్టేషన్లున్నాయి, మైన్‌ట్స్‌కు రీజనల్ స్టేషన్ నుంచి ఎస్8 ఎక్కండి. ఎస్9 కూడా పక్కనే వస్తుంది గానీ అది మైన్‌ట్స్ మెయిన్ స్టేషన్‌కు పోకుండా నది అవతల గట్టున పోతుంది. బింగెన్‌లో హౌప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ స్టేషన్) ఒకటి, స్టాట్ (ఊరి స్టేషన్) ఒకటి, రెంటికీ మధ్య నడక దూరం ఎక్కువే. నోయ్‌స్టాట్ అనే పేరుతో జర్మనీలో బోలెడు ఊళ్ళున్నాయి, టికెట్ యాప్‌లో పేరు పక్కన ‘వైన్‌స్ట్రాసె’ అని ఉన్నదే మీది.

అన్నిటికన్నా ముఖ్యం: కోబ్లెన్స్ నుంచి బయల్దేరే ఆర్‌ఈ బండి రెండు రైళ్ళు అతికించినది. ట్రియర్‌లో విడిపోయి ఒకటి లక్సంబర్గ్ పోతుంది, ఇంకోటి జార్‌బ్రుకెన్ వైపు. ట్రియర్‌లో దిగేవాళ్ళకు ఏదైనా ఒకటే. ట్రియర్ దాటి పోయేరోజు మాత్రం పెట్టె పక్కన వెలిగే ఊరి పేరు చదివి ఎక్కండి, ప్లాట్‌ఫారం బోర్డును నమ్మి ఊరుకోవద్దు.

గూడూరు జంక్షన్:

వీసా గురించి రెండు ముక్కలు. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఎక్కువ రాత్రులున్న దేశానికే పెట్టాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పై లెక్కలో జర్మనీ 9, ఫ్రాన్స్ 4. కాబట్టి జర్మనీ. చెన్నైలోనూ హైదరాబాదులోనూ వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రాలున్నాయి, ఒంగోలు నుంచి రెండూ ఇంచుమించు ఒకే దూరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఏప్రిల్ 21 అంటే అక్టోబర్ 21 నుంచి. పెద్దవాళ్ళకు వీసా రుసుము 90 యూరోలు, వీఎఫ్‌ఎస్ చార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లుబాటు ఉండి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

చాలామంది తన్నుకునేది ఎక్కడంటే, హోటల్ బుకింగులు ఒక లెక్క చెబుతాయి, కవరింగ్ లెటర్‌లో రాసిన ఊళ్ళు ఇంకో లెక్క చెబుతాయి. ముందు ప్లాను ఖాయం చేసుకుని, రద్దు చేసుకోదగ్గ గదులు బుక్ చేసి, అదే వరసలో తేదీ, ఊరు, ఎలా పోతారు అని పట్టిక రాసి పెట్టండి. నలుగురి దరఖాస్తుల్లోనూ ఒకే పట్టిక. బ్యాంకు ఖాతాలో అప్లై చేసే వారం ముందు ఒక్కసారిగా లక్షలు పడితే అడుగుతారు, వచ్చినచోటు కాగితం జతపరచండి.

ఒంగోలు గిత్త:

షెడ్ గారూ, తేదీలు జరపడం నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. ట్రియర్ నుంచి నోయ్‌స్టాట్, అక్కడి నుంచి కోల్మార్ ఎలా పోవాలో కొంచెం విడమరచండి. వైన్ సంగతి ఎవరూ ఎత్తుకోలేదేంటి?

పలకరాయి:

వైన్ సంగతి నేను చెబుతా.

మన మార్కాపురం పలకలు ఏ రాయితో చేస్తారో ఆ జాతి రాయే మోజెల్ లోయంతా. కొండవాలు మీద మొదళ్ళ చుట్టూ మన్ను కనబడదు, అరచేతి వెడల్పున పగిలిన నల్లటి, నీలపు పలక ముక్కలు పరిచినట్టుంటాయి. వేలితో పొరలు విడదీయొచ్చు, చిన్నప్పుడు పగిలిన పలక అంచు ఎలా ఊడొచ్చేదో అచ్చం అలాగే. ఆ చలిదేశంలో ద్రాక్ష పండడానికి ఇదొక కారణం: పగలు ఎండకు వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. రెండో కారణం వాలు. సూర్యుడు వంగి ఉండే చోట నేల నిటారుగా ఉంటే ఎండ నేరుగా తగులుతుంది. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ తోట అరవై డిగ్రీల పైచిలుకు వాలు, యూరప్‌లో అంతకన్నా నిటారు తోట లేదంటారు. అక్కడ ట్రాక్టరు ఎక్కదు, పళ్ళచక్రంతో పాకే ఒంటిపట్టా బండి మీద మనుషులు, గంపలు పైకి పోతాయి. ఒక్కో తీగెను ఒక్కో గుంజకు కట్టి, కొమ్మలు రెండు పక్కలా వంచి గుండె ఆకారంలో ముడి వేస్తారు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహీ పందిళ్ళు చూసిన కంటికి ఇది వింతగా ఉంటుంది. ఏప్రిల్‌లో ఆకు అడ్డం ఉండదు గనుక ఆ కట్టు విధానం స్పష్టంగా కనబడేది అప్పుడే. ఎడిగర్-ఎల్లెర్ స్టేషన్‌లో దిగితే కాల్మోంట్ దగ్గర. పైన కొండదారి ఇనుప నిచ్చెనలు పట్టుకుని పోయేది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నది గట్టునే నడవండి.

ఆ రాయి మీద పండే ద్రాక్ష రీస్లింగ్. తెల్లది. దాని గుణం పులుపు. కొన్ని సీసాలు గూడూరు నిమ్మకాయ నేరుగా నాలుక మీద పిండినట్టుంటాయి, అందుకే కొంత తీపి ఉంచేస్తారు. లేబుల్ మీద ‘ట్రోకెన్’ అంటే తీపి లేనిది, లీటరుకు చక్కెర 9 గ్రాములకు మించదు. ‘హాల్బ్‌ట్రోకెన్’, ‘ఫైన్‌హెర్బ్’ అంటే కాస్త తీపి. ‘కాబినెట్’ అని ఉండి ట్రోకెన్ అని లేకపోతే సామాన్యంగా తీపి తగులుతుంది, ఆల్కహాలు కూడా 8, 9 శాతమే ఉంటుంది. వైన్ అలవాటు లేనివాళ్ళు మోజెల్ కాబినెట్‌తో మొదలుపెడితే ముఖం చిట్లించరు. ‘ష్పేట్‌లేజ’ అంటే ఆలస్యంగా కోసినది, ‘ఔస్‌లేజ’ అంటే బాగా మగ్గిన గుత్తులు ఏరి చేసినది. ఈ మాటలు పండు కోసినప్పటి పక్వానికి గుర్తులు, నాణ్యతకు ర్యాంకులు కావు. అంగట్లో ‘ఔస్‌లేజ పెద్దది కదా’ అని ఎక్కువ పెట్టి కొని తీపికి మొహం మొత్తినవాళ్ళు ఎందరో.

రుచి చూడడానికి పెద్ద పేరున్న కంపెనీల గదులకంటే ‘స్ట్రాస్‌విర్ట్‌షాఫ్ట్’ మేలు. తోట రైతే తన ఇంటి వాకిట్లో ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, నలభై సీట్లకు మించకుండా నడిపే కొట్టు. గుమ్మానికి కొమ్మో చీపురో వేలాడదీస్తే తెరిచినట్టు గుర్తు. సొంత వైన్, ఇంటి రొట్టె, వెన్న, సింపుల్ తిండి. చాలాచోట్ల శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకే, నగదే తీసుకుంటారు. గ్లాసు పైన సన్నటి గీత, పక్కన 0,1 లేదా 0,2 అని అంకె చూస్తారు. అది చట్టప్రకారం కొలత, 0,1 అంటే లీటరులో పదోవంతు. రోజుకు ఆరేడు రకాలు రుచి చూసేవాళ్ళు 0,1తో ఆగాలి. నోయ్‌స్టాట్ వైపు పోతే జాగ్రత్త, అక్కడ చుక్కల గుంటలున్న అర లీటరు గ్లాసు ఇస్తారు. సోడా కలిపిన వైనే గానీ అర లీటరు అర లీటరే. రైతు దగ్గర పద్ధతిగా రుచి చూడాలంటే రెండు రోజుల ముందు మెయిలు పెట్టండి: నలుగురం, ఫలానా గంటకు, ఒకరు తాగరు అని. చెప్పకుండా పోతే వాళ్ళు తోటలో ఉంటారు, తలుపు తాళం.

మీ వదినగారికి అదే రైతు దగ్గర ‘ట్రౌబెన్‌జాఫ్ట్’ అడగండి. పులియబెట్టని ద్రాక్షరసం, అదే తోట పండు. అంగట్లో డబ్బా జూసుతో దీన్ని పోల్చలేం.

ఇంకోటి. సుందరయ్య గారి సీమ నుంచి పోయి ట్రియర్‌లో బ్రూకెన్‌స్ట్రాసె పదో నంబరు ఇల్లు చూడకుండా వస్తే ఎట్టా? 1818లో కార్ల్ మార్క్స్ పుట్టిన ఇల్లది. కుటుంబానికి ద్రాక్షతోటలో వాటా కూడా ఉండేది. 1843లో ఆయన పత్రికలో రాసిన తొలి ఘాటు వ్యాసాల్లో ఒకటి మోజెల్ ద్రాక్షరైతుల అప్పుల మీదే.

పెన్నా ఒడ్డు:

షెడ్ అన్నా, నీ తేదీల లెక్క బాగుంది గానీ తోటల లెక్క తప్పింది. ఏప్రిల్ 22కి మోజెల్ మీద తీగెలు మొగ్గ విచ్చి రెండు మూడు ఆకులేసి ఉంటాయంతే. కొండంతా గోధుమరంగు గుంజలు. ‘ద్రాక్షతోటలు చూడ్డానికి’ ఇంత దూరం పోయేవాళ్ళకు పచ్చదనం కావాలి కదా. మే 18 నుంచి 30 దాకా పెట్టుకోండి. పెంతెకొస్తు సోమవారం మే 17, అది దాటిపోతుంది. ఆ రోజులన్నీ మే నెలలోనే, టికెట్ ఒకటే. మే 27 గురువారం ఒక్కటి కార్పస్ క్రిస్టి అనే క్రైస్తవ పండుగ, జర్మనీలో మీరు తిరిగే రాష్ట్రంలో సెలవు, అప్పటికి మీరు ఫ్రాన్స్‌లో ఉంటే ఇబ్బందే లేదు.

మంచు భయం కూడా మే మధ్య దాకా ఉంటుంది. మే 11 నుంచి 15 దాకా అయిదుగురు సెయింట్ల పేర్లతో ‘మంచు సాధువులు’ అంటారు, అవి దాటితేనే రైతు ఊపిరి పీలుస్తాడు. విచ్చిన మొగ్గ మైనస్ రెండు డిగ్రీలకే మాడిపోతుంది. వరి పొట్ట దశలో ఉండగా తుపాను పట్టుకున్నట్టే. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ తోటల్లో రాత్రంతా వరసల మధ్య కొవ్వొత్తి డబ్బాలు వెలిగించింది ఇందుకే. ద్రాక్ష గుత్తులు మాత్రం ఏ వసంతంలోనూ దొరకవు, పూతే జూన్‌లో, కోత సెప్టెంబర్, అక్టోబర్‌లలో. మీ ఆవిడగారికి ముందే చెప్పండి, అక్కడికి పోయాక ‘కాయలేవీ?’ అంటే కష్టం.

బిట్రగుంట షెడ్:

పెన్నా తమ్ముడు చెప్పింది నిజమే, ఆకు కావాలంటే మే. నా మొగ్గు ఏప్రిల్ వైపే, కారణం జనం. మే రెండో సగంలో రైన్ గట్టున పడవలు, సైకిళ్ళు, బస్సుల గుంపులు దిగుతాయి, ఆర్‌బీలో సైకిళ్ళ మధ్య నిలబడి పోవాలి. ఏప్రిల్‌లో గదులు సులువు. రెండింటిలో మీ ఇష్టం. మే అయితే పైన చెప్పిన రద్దు గడువు మే 10 అవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక దారి. ట్రియర్ నుంచి నోయ్‌స్టాట్‌కు ఆర్‌ఈ 1, జార్‌బ్రుకెన్, కైజర్స్‌లౌటెర్న్ మీదుగా మారకుండా పోతుంది, రెండున్నర గంటలు అటూ ఇటూ. నోయ్‌స్టాట్ నుంచి ఆర్‌బీ 45 మీద డైడెస్‌హైమ్, బాట్ డుర్క్‌హైమ్. జర్మన్ వైన్ రోడ్డు 1935లో వేసింది, 85 కిలోమీటర్లు, ఈ రైలు దాని పక్కనే పోతుంది. బాట్ డుర్క్‌హైమ్‌లో ఇంటి పరిమాణంలో కర్రపీపా ఒకటుంది, లోపల హోటలు. చూసి నవ్వుకుని రావొచ్చు.

30న నోయ్‌స్టాట్ నుంచి లాండౌ, విండెన్ మీదుగా విస్సెంబూర్. కొన్ని నేరుగా పోతాయి, కొన్నిటికి విండెన్‌లో మారాలి. విస్సెంబూర్ ఫ్రాన్స్‌లో మొదటి ఊరు, డాయిచ్‌లాండ్ టికెట్ అక్కడి దాకా చెల్లుతుంది. అక్కడ ఫ్రెంచి టీఈఆర్ రైలు ఎక్కి స్ట్రాస్‌బూర్గ్ గంట, మళ్ళీ మారి కోల్మార్ అరగంట పైన. టీఈఆర్‌కు రిజర్వేషన్ లేదు, ధర ఎప్పుడు కొన్నా దాదాపు అంతే, స్టేషన్ మెషీన్‌లో కొనొచ్చు. రైలు మారేటప్పుడు పావుగంట తక్కువ పెట్టుకోవద్దు. చిన్న స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మెట్లు దిగి సొరంగంలోంచి అవతలి ప్లాట్‌ఫారానికి ఎక్కాలి. పెట్టె 15 కిలోలు దాటితే ఆ మెట్ల దగ్గరే తెలుస్తుంది. తలుపు తనంతట తెరుచుకోదు, బటన్ నొక్కాలి.

పోయే రెండు వారాల ముందు జర్మన్ రైల్వే వాళ్ళ యాప్ డీబీ నావిగేటర్‌లో ప్రతి రోజు ప్రయాణం మళ్ళీ చూడండి. వసంతంలో పట్టాల పనులు ఎక్కువ. ‘ఎస్‌ఈవీ’ అని కనబడితే రైలు బదులు బస్సు వేశారని అర్థం, ఆ బస్సు స్టేషన్ ముందు కాకుండా పక్క వీధిలో ఆగొచ్చు.

గూడూరు జంక్షన్:

అల్సాస్ (ఫ్రాన్స్‌లో కోల్మార్, స్ట్రాస్‌బూర్గ్ ఉన్న ప్రాంతం) వైపు నుంచి కొంచెం. అందరూ రిక్‌విర్, కైజర్స్‌బెర్గ్, ఎగిషైమ్ పేర్లు రాసుకుని పోతారు. మూడింటికీ రైలు లేదు. కోల్మార్ నుంచి బస్సులున్నాయి గానీ ఆదివారాలూ సెలవుల్లో సర్వీసు సన్నం. మే 1 శనివారం, 2 ఆదివారం, అంటే మీకు మిగిలేది 3 సోమవారం ఒక్కటే. ఎగిషైమ్ కోల్మార్‌కు ఆరేడు కిలోమీటర్లు, టాక్సీకి పెద్దగా కాదు.

దానికన్నా స్ట్రాస్‌బూర్గ్ నుంచి మోల్‌సైమ్ మీదుగా సెలెస్టాకు పోయే చిన్న లైను చూడండి. ఒబెర్నే, బార్, డాంబాక్-లా-విల్ స్టేషన్లు తోటల మధ్యే. దిగి నడిస్తే ఊరు. అది కూడా ఆదివారం తక్కువ బండ్లు నడిచే లైను, సోమవారానికి ఉంచుకోండి. అల్సాస్ వైన్ మోజెల్ కన్నా ఒళ్ళున్నది, సాధారణంగా తీపి తక్కువ, సీసా మీద ద్రాక్ష పేరే రాస్తారు గనుక చదవడం సులువు. గెవుర్ట్స్‌ట్రామినర్ గులాబీ వాసన కొడుతుంది, మన కారం కూరకు తట్టుకునే వైన్ ఏదైనా ఉంటే అదే.

ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మె పడితే ఏ బండ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రం అయిదింటికి ప్రకటిస్తారు. మే 3 సాయంత్రం ఒకసారి చూసుకోండి. విమానం తప్పకుండా ఉండడానికే షెడ్ గారు ఆఖరి రాత్రి మైన్‌ట్స్‌లో పెట్టింది. మే 4కి డాయిచ్‌లాండ్ టికెట్ ఉండదు కదా, స్ట్రాస్‌బూర్గ్ నుంచి మైన్‌ట్స్‌కు ముందే వేరే టికెట్ కొనాలి. చవక ‘ష్పార్‌ప్రైస్’ కొన్న బండికే కట్టుబడి ఉంటుంది. గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరేట్టు కనబడితే మాత్రం ఆ కట్టు తెగిపోయి తర్వాతి బండి ఎక్కొచ్చు. ఆ ఆలస్యం చూపే తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

వదినగారి తిండి: ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ కాలం. మట్టి కప్పి వెలుతురు తగలకుండా పెంచే కాడలు, అందుకే తెలుపు. ప్రతి హోటల్లో ప్రత్యేకంగా దాని మెనూ ఉంటుంది. దాంతోబాటు పందిమాంసం ముక్కలు పెట్టడం ఆనవాయితీ, ‘ఓనె షింకెన్’ అంటే అవి లేకుండా ఇస్తారు. పైన పోసే పసుపు సాసులో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినకపోతే కరిగించిన వెన్న అడగండి. అల్సాస్ పల్చటి రొట్టె ‘తార్త్ ఫ్లాంబే’ మీద కూడా పందిమాంసమే చల్లుతారు, ‘సాన్ లార్దోన్’ అనండి. నోయ్‌స్టాట్ మెనూలో ‘జౌమాగెన్’ కనబడితే అది పంది పొట్ట, పేరు చూసి మోసపోవద్దు.

పలకరాయి:

సీసాల లెక్క చెప్పడం మరిచా. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు, రెండు తెస్తే లీటరున్నర. మూడోది పెడితే 2.25, గీత దాటుతుంది. రెండు పెద్దవీ, ఒక 375 చిన్న సీసా అయితే సరిపోతుంది. నిండు సీసా కిలో పావు పైనే తూగుతుంది, నలుగురి సామాను తూకంలో ముందే పక్కన పెట్టుకోండి. ఒక్కో సీసాను లుంగీలో చుట్టి, జిప్పు సంచిలో వేసి, పెట్టె నడిమధ్యన. అంచున పెడితే పెట్టె పడ్డప్పుడు దెబ్బ నేరుగా సీసాకే.

చెన్నైలో దిగి తడ దాటి వస్తారు కాబట్టి ఇంకో మాట. కస్టమ్స్ రూలు వేరు, రాష్ట్ర ఎక్సైజు రూలు వేరు. కొన్న బిల్లు, బోర్డింగ్ పాసు చేతిసంచిలో ఉంచండి, బయల్దేరే ముందే మీ ఎక్సైజు స్టేషన్‌లో అడిగి పెట్టుకోండి.

ఒంగోలు గిత్త:

ఇంట్లో ఓటు పెట్టాం, ఏప్రిల్ 21 ఖాయం. వదిన గోంగూర పచ్చడి, నెయ్యి, కరివేపాకు, పాలకోవా సర్దుతానంటోంది. ఏవైనా ఆపుతారా?

గూడూరు జంక్షన్:

నెయ్యి, పాలకోవా వద్దండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తీసుకుపోకూడదు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేనిదే పనికిరాదు, ఎండబెట్టి పొడి కొట్టుకోండి. గోంగూర పచ్చడికి అభ్యంతరం లేదు గానీ చేతిసంచిలో పెట్టొద్దు, సెక్యూరిటీ దగ్గర పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే తొట్టిలో పడేస్తారు. సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత చుట్టూ టేపు వేసి చెక్‌ఇన్ పెట్టెలో వేయండి. నూనె కారితే వైన్ సీసాల కోసం తీసుకుపోయే లుంగీలే ముందు బలి.